బోడిమెడ కోడికి పైమెట్టు

"అవ్వా, బొమ్మల కొలువులో ఈ కోడిబొమ్మను అమ్మవారి పక్కన పెట్టినావే? కింద మెట్టులో జిరాఫీ పక్కన పెట్టేదా?"

ఒద్దొద్దు, దాన్ని ముట్టుకోవద్దు ప్రియా. ఆడనే ఉండనీ. పైమెట్టు దానిది. మీ అమ్మ చెప్పలేదా నీకు? ఏం చెప్తాది పావం, సత్తువాచారిలో ఆఫీసు, ఇల్లు, బస్సు అని దాని పరుగు దానికి. అసలు ఈ కథలో మీ అమ్మ కూడా ఉండాది, ఐదేండ్ల పిల్ల. సరి, నువ్వు మిగతా బొమ్మలు పేపర్లోంచి తీస్తా ఉండు, నేను చెప్తాను. రికార్డు పెడతావా? పెట్టుకో. దగ్గితే అది కూడా పడతాదా? పడనీలే.

దీన్ని చూసి వచ్చినోళ్ళంతా రంగు పోయింది, రంగు పోయింది అంటారు. రంగు పోలేదు. మెడకాడ ఈకలు లేకుండానే చెయ్యమని చెప్పి చేయించినాను, తిరువలంలో కుమ్మరాయన దగ్గర. ఆయన మూడుసార్లు అడిగె, ఏమ్మా, కోడికి మెడ బోడిగా ఉంటే చూసేదానికి బాగుంటాదా అని. బాగుండేది కాదు నాయనా, నాకు కావాల్సింది ఆ కోడే అంటిని. పిచ్చిది అనుకోని చేసిచ్చినాడు.

అది మోషి కోడి. మోషి అంటే ఊరు, టాంజానియాలో. మీ తాత అప్పుడు గుడియాత్తంలో అగ్గిపెట్టెల కార్ఖానాలో మెకానిక్కు గదా. ఆ మోషిలో ఒక గుజరాతీ సేటు అగ్గిపెట్టెల కార్ఖానా పెట్టి, మిషన్లు చూసుకునే మనిషి కావాలని మనూరికి మనిషిని పంపినాడు. మీ తాత సరి అనేసె. నన్ను అడగలే. మా నాయన కావేరిపాక్కం నుంచి బస్సెక్కి వచ్చి, చెరువు కింద భూమి ఉన్నోళ్ళం, మనకు సముద్రం దాటే గతి ఏమొచ్చింది అని మీ తాతను వాకిట్లో నిలబెట్టి అడిగె. మీ తాత తల ఊపి ఊపి అన్నీ విని, ఆ మధ్యాన్నమే పోయి టిక్కెట్టు చూసుకోని వచ్చె. అట్లాంటి మనిషి. అదో, ఇప్పుడు పేపరు మొగానికి అడ్డం పెట్టుకోని నిద్రపోతా ఉండాడు చూడు, ఏమీ తెలీనోడి మాదిరి.

బొంబాయి నుంచి ఓడలో పోయినాం. దినాలు దినాలు నీళ్ళే. ఈ అమ్మవారి బొమ్మ ఉండాదే, దీన్ని రెండు పాత చీరల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటిని. మీ తాత ఓడ పొడుగునా కక్కుతానే వచ్చె. ఒక చేత్తో ఆయన వీపు నిమిరి, ఒక చేత్తో అమ్మవారిని పట్టుకోని, మీ అమ్మ యాడ సముద్రంలో దూకేస్తాదో అని దాని కొంగు... కొంగు కాదు, దాని గౌను అంచు నా కాలికింద అదుముకోని పోయినాను. నాకు నవ్వే వస్తా ఉండె. మన గతి ఇట్లయింది చూడు అని నవ్వు.

నేను ఆడ దిగినాక బాగా ఏడుద్దామని తయారుగానే పోతిని మే. ఏడ్చేదానికి తావు దొరకలే. ఎదురుగా ఇంత ఎత్తు కొండ, దాని నెత్తిన తెల్లంగా మంచు. కింద అరటితోటలు, మామిడిచెట్లు, చింతచెట్లు. చింతచెట్టును చూసి నేను దాన్ని తాకి మొక్కినాను, చుట్టంతో మాట్లాడినట్ల మాట్లాడినాను. ఆ తర్వాత వాళ్ళ తిండి, ఉగాలి. మొదటి దినం పక్కింటామె తట్టలో పెట్టి తెచ్చిచ్చింది. మూత తీసి చూస్తే సంగటి. మన సంగటే ప్రియా. రాగులు కాదు, మొక్కజొన్న పిండి, అంతే తేడా. నేను వేళ్ళతో ముద్ద చేసి, గుంట పెట్టి, కూరలో ముంచి మింగితే ఆమె నోరు తెరిచి చూసె. ఈ ఇండియా మనిషికి ఇది ఎవరు నేర్పించినారు అని. మా అవ్వ నేర్పించింది అని సైగ చేస్తిని.

ఆమె పేరు మామా నీమా. ఆడ ఆడోళ్ళను బిడ్డ పేరుతో పిలుస్తారు. మనకు మామ అంటే మేనమామ, వాళ్ళకు అమ్మ. ఆమె బిడ్డ నీమా, మీ అమ్మ ఈడుదే. మీ అమ్మ శాంతి గాబట్టి నేను మామా శాంతి. మంచి పొడుగు మనిషి ఆమె, నవ్వితే ఆ వీధి కొస దాకా వినపడతాది. దినమూ మా వాకిట్లోకి వచ్చి "హోడీ" అంటాది. అంటే రావొచ్చునా అని. లోపల్నించి మనం "కరీబూ" అనాల, రమ్మని. మూడుసార్లు హోడీ అన్నా పలక్కపోతే ఇంక ఆడ నిలబడకూడదు, వెనక్కి పోవాల. అది వాళ్ళ పద్ధతి. తలుపులు తెరిచే ఉంటాయి, కానీ మాట లేకుండా లోపలికి అడుగు పెట్టరు. నేను మనూరి కైలీ లుంగీ ఒకటి వాళ్ళాయనకు ఇచ్చినాను. గుడియాత్తం కైలీ, అప్పుడు పదహైదు రూపాయలు. కాదు, పన్నెండు, పదహైదు ఆ తర్వాత అయ్యె. ఆయన దాన్ని కట్టుకోని ఆదివారం చర్చికి పోయినాడు తల్లీ, ఇస్త్రీ చేసి, పైన కోటు వేసుకోని. నేనూ మామా నీమా గోడ పక్కన నిలబడి కడుపు పట్టుకోని నవ్వినాం.

ఆ మామా నీమాకు ఒక కోడి. బోడిమెడ కోడి. ఆడ ఆ జాతి ఉంటాది, మెడ మీద ఒక ఈక ఉండదు, ఎర్రంగా. వాళ్ళమ్మ చచ్చిపోయే ముందు ఆమె చేతికి ఇచ్చిన కోళ్ళ వంశంలో అదొకటే మిగిలింది. అందుకని దానిమీద ప్రాణం ఆమెకు. ఆ ముండకు నా మీద ప్రాణం. ఎందుకంటే తెల్లారి నేను వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గేస్తాను గదా, వేసి తల ఎత్తేలోగా వచ్చి తినేస్తాది. పద్మం వేస్తే రేకులు తింటాది. చుక్కలు పెడితే చుక్కలు ఏరుకుంటాది. నేను చీపురు తీస్తే గోడెక్కి కూర్చోని మెడ తిప్పి చూస్తాది. మామా నీమా అంటాది, నీ ఇంటి ముందర దినమూ నా కోడికి విందు పెడతా ఉండావు, ఇంక నా ఇంట్లో అదెందుకు గుడ్డు పెడతాది అని. నిజమే, అది వాళ్ళింట్లో గుడ్డు పెట్టేది నిలిపేసె. యాడ పెడతా ఉండాదో ఎవరికీ తెలీదు.

రెండో ఏడు, నాకు ఆ ఊరి భాష కొంచెం పట్టుబడినాక, పెరటాసి నెల వచ్చె. పెరుమాళ్ళ నెల, మనింట్లో నీసు ముట్టం గదా. నేను ఆ నెలంతా కోడి, మాంసం ఏదీ కొనలే. మామూలుగా ఆదివారం ఆదివారం సంతలో కోడి కొనే మనిషిని. సరిగ్గా ఆ నెలలోనే, కొలువు పెట్టేదానికి పన్నెండు దినాల ముందు, బోడిమెడ కోడి కనపడకుండా పోయె.

వీధంతా వెతికినారు. నేనూ వెతికినాను, అరటితోటలో దూరి, ముళ్ళు గీసుకోని. దొరకలే. నాలుగు దినాలు అయినాక మామా నీమా వచ్చె. హోడీ అన్నాది గానీ ఆ గొంతు వేరుగా ఉండె. కూర్చోలే. నిలబడే అడిగె, మామా శాంతీ, రెండు వారాలుగా సంతలో నువ్వు కోడి కొనలేదంట, మాంసం కొనలేదంట, ఎందుకు అని. నాకు ఆ ఎందుకులో ఉండేది అర్థం కాలే. నేను నవ్వుతా చెప్తిని, ఈ నెల మా దేవుడిది, మేం తినం అని. పోయిన నెల తిన్నారు గదా అనె. తిన్నాం. వచ్చే నెల తింటారా? తింటాం. ఆమె నన్ను పైనించి కిందికి చూసి ఒక మాట అనె.

"పదకొండు నెలలు కోడి తినేవాళ్ళను చూసీ చూడనట్ల ఉండే దేవుడు, నా కోడి పోయిన నెలలోనే కళ్ళు తెరిచినాడా?"

అప్పుడు తెలిసె నాకు. మేం కొనలేదంటే వాళ్ళ కోడిని కోసుకోని తింటా ఉండాం అని ఆమె లెక్క. ఇప్పుడు తలుచుకుంటే ఆమె లెక్క తప్పు కాదు మే, నేను ఆమె తావులో ఉంటే నేనూ అట్లే అనుకుంటాను. కానీ ఆ దినం నాకు కోపం తలకెక్కె. ఆ దేశంలో నాకు ఉండేది ఆమె ఒకటే. నా భాష రాకపోయినా నా మొగం చూసి నా తలనొప్పి కనిపెట్టే మనిషి. ఆమే నన్ను దొంగ అనుకుంటే ఇంక నాకు ఆ ఊర్లో ఏముండాది? నేను తెలుగులో తిట్టినాను, ఆమె వాళ్ళ ఇంటి భాషలో తిట్టె. ఎవరు ఏమన్నారో ఇద్దరికీ తెలీలేదు, అదొక మేలు.

ఆ మరునాటి నుంచి హోడీ లేదు. కొళాయి కాడ కలిసినా బిందె నింపుకోని మొగం తిప్పుకోని పోతాది. నీమాను మా ఇంటికి పంపలే. మీ అమ్మ, ఆ పిల్ల గోడకు ఆ పక్క ఈ పక్క నిలబడి చేతులు మాత్రం పైకెత్తి ఊపుకుంటా ఉండ్రి, ఒకరికొకరు కనపడకుండా. చూస్తే నవ్వు, ఆ వెంటనే ఏడుపు.

అట్లనే కొలువు వచ్చె. ఇంట్లో తావు లేదు, అందుకని వరండాలో పెట్టినాను. మిషన్లు వచ్చిన కొయ్యపెట్టెలు మీ తాత కార్ఖానా నుంచి తెచ్చి గోడవారగా ఒకదానిమీద ఒకటి మెట్లు మెట్లుగా పడేసి ఉండె, నెలలుగా ఆడనే, లోపల ఎండుగడ్డితో సహా. గడ్డి తీసి శుభ్రం చెయ్యాల నిజానికి. నాకు నడుంనొప్పి, మనసు బాగలేదు. సుమ్మా, ఊరికే, మీ తాత తెల్ల వేష్టి పంచె ఒకటి దులిపి దానిమీద కప్పేసినాను. మూడు మెట్లు. పైన అమ్మవారు, కలశం. మధ్యలో మరప్పాచ్చి కొయ్యబొమ్మల జోడీ. కింద పోయినేడు మామా నీమా ఇచ్చిన కొయ్య జిరాఫీ. అది పెట్టేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగె. అమ్మా, నేను దొంగను కాదని నీకు తెలుసు, ఆ కోడిని చూపించు, ఇంకేమీ అడగను అని మొక్కుకుంటిని.

సాయంత్రం పెసలు ఉడకబెట్టి గుగ్గిళ్ళ మాదిరి సుండలు చేసి పెట్టి, హారతి ఇచ్చి, తట్ట ఆడనే వదిలి లోపలికి పోతిని. తెల్లారి వచ్చి చూస్తే ప్రియా, తట్టలో సగం సుండలు లేదు.

నేను మీ తాతను లేపి తెస్తిని. చూడు, అమ్మవారు తిన్నాది అని. ఎలుక అనె. ఎలుకైతే తట్ట పక్కకు లాగుతాది, చింది పోస్తాది, ఇది చూడు ఎంత మర్యాదగా ఒక్కొక్క పెసర ఏరుకోని తినిందో అంటిని. మరునాడూ అట్లే. మూడోనాడు తట్ట ముందర నేను వేసిన పిండిముగ్గులో గుర్తులు కనపడె. అమ్మవారి పాదాలు అని నేను ఆడనే సాగిలపడితిని. మీ తాత కళ్ళద్దాలు పెట్టుకోని వంగి చూసి, అమ్మవారికి కాలికి మూడే వేళ్ళా అనె. నేను ఆయనతో ఒక పూట మాట్లాడలే.

వేష్టి తీసి చూద్దాం, లోపల ఏదో గరగర అంటా ఉండాది అని ఆయన రెండుసార్లు అన్నాడులే. కలశం నిలిపినాక పదో దినం దాకా కొలువు కదిలించకూడదు గదా. చెయ్యి పెట్టినావంటే చూడు అంటిని. నాకప్పుడు భూమ్మీద కాలు నిలవలే. మన వేలూరు జిల్లాలో ఇన్ని కొలువులు ఉండగా, సముద్రం దాటొచ్చిన నా పెసల సుండలు తినేదానికి అమ్మవారు వచ్చిందంటే సుమ్మానా? సేటు భార్యకు చెప్తే ఆమె ఊర్లో ఉండే గుజరాతీ ఆడోళ్ళను అందర్నీ తోలుకోని వచ్చె. వాళ్ళు ఖాళీ తట్టకు దండం పెట్టి, వరండాలో చప్పట్లు కొట్టి గుండ్రంగా ఆడిరి. నేను చీర దోపుకోని నాకు రాని ఆట వాళ్ళతో ఆడినాను. ఒక దినం సుండలు, ఒక దినం పాయసం. పాయసం మాత్రం ముట్టలే. అమ్మవారికి తీపి పడదేమో అనుకుంటిని.

తొమ్మిదో దినం, సరస్వతి పూజ. తాంబూలానికి ఆడోళ్ళను పిలవాల. కుంకుమ బరిణె తీసుకోని బయలుదేరితే మీ తాత అడ్డం వచ్చె. పక్కింటికి పోవద్దు, నిన్ను అంత మాట అన్న మనిషి గడప తొక్కేది ఎందుకు అని. నాకూ రోసం ఉండె. కానీ ఊర్లో అందరికీ బొట్టు పెట్టి పక్కింటిని దాటి పోయేదా? అదేం పిలుపు? పోయి ఆమె వాకిట్లో నిలబడితిని.

హోడీ అంటిని. పలకలే. లోపల గిన్నె చప్పుడు వినపడతా ఉండాది, మనిషి ఉండాది. మళ్ళా హోడీ అంటిని. గిన్నె చప్పుడు నిలిచిపోయె. ఇంకొక్కటే ఉండాది నాకు. మూడోసారి అని పలకలేదంటే వెనక్కి తిరగాల, ఇంక ఆ గడపకు నేను రాకూడదు. నిలబడి నిలబడి, మెల్లిగా అంటిని, హోడీ. బరిణె మూసి కొంగులో చుట్టుకుంటిని. నేను తిరిగేసినాను కూడా. అప్పుడు లోపల్నించి, లోగొంతుతో, కరీబూ అన్నాది.

నేను బొట్టు పెడతానంటే ముందుకు వంగె. సాయంత్రం వచ్చె. నీమాను చేత్తో పట్టుకోని, రాయి మాదిరి మొగం పెట్టుకోని, వరండా కొసన కూర్చునె. గుజరాతీ ఆడోళ్ళంతా ముందర, ఆమె వెనక. పిలుపు కాదనకూడదు గాబట్టి వచ్చింది, నాకోసం కాదు. అది నాకు తెలుస్తానే ఉండె.

హారతి ఎత్తినాను. గంట కొడతా ఉంటే వేష్టి కదిలె. అందరూ చూసినారు. మళ్ళా కదిలె, కింది మెట్టు కాడ గాలి లేకుండానే పైకి లేచె. సేటు భార్య మాతాజీ మాతాజీ అని చేతులు జోడించె. నేను హారతి తట్ట మీ తాత చేతిలో పెట్టి, ఇంక ఇది నిజమే, అమ్మ బయటికి వస్తా ఉండాది అని దబ్బున సాష్టాంగం పడితిని. పడి, కళ్ళు మూసుకోని ఉంటే, నా చెవి పక్కన కియ్ కియ్ అని.

కళ్ళు తెరిస్తే ముక్కుకు జానెడు దూరంలో ఎర్ర మెడ. బోడిమెడ కోడి. కోడి వెనక పిల్లలు, ఒకటి, రెండు, ఎనిమిది. అది మమ్మల్నెవర్నీ లెక్కచెయ్యకుండా, అత్తగారు వడ్డన చూసినట్ల అందర్నీ ఒకసారి చూసి, నేరుగా పోయి సుండలు తట్టలో నిలబడి, పిల్లల్ని పిలిచి, తినేది మొదలుపెట్టె. ముగ్గులో మూడువేళ్ళ గుర్తులు వేసుకుంటా.

ఒక్క మనిషి కదల్లే. మీ తాత మాత్రం హారతి తట్ట పట్టుకోని భుజాలు ఊగేటట్ల నవ్వు ఆపుకుంటా ఉండాడు. మామా నీమా లేచె. గుజరాతీ ఆడోళ్ళను దాటుకోని ముందుకు వచ్చి, కోడిని చూసి, నేలమీద పడుండే నన్ను చూసి, చెప్పె:

"మామా శాంతీ, నీ దేవతకు మెడ మీద ఈకలు లేవు."

అంతే. నాకు నేలమీదనే నవ్వొచ్చె, లేవలేకపోతిని. ఆమె నన్ను లేపేదానికి వంగి, ఆమె కూడా కూలబడె. ఇద్దరం ఆ పిండిముగ్గులో కూర్చోని, కోడిపిల్లలు మా ఒళ్ళో ఎక్కతా ఉంటే, నవ్వి నవ్వి ఏడ్చేస్తిమి. ఆమె నా చెయ్యి పట్టుకోని, నేను నిన్ను నమ్మలేదు, నువ్వు మూడుసార్లు పిలిచినావు అని అదే మాట చెప్పి చెప్పి ఏడ్చె. నేను నిన్ను తిట్టిన తిట్లు నీకు అర్థమయ్యుంటే నువ్వు కరీబూ అనేదానివి కాదు అంటిని. పక్కన పిల్లలిద్దరూ ఎప్పుడో కోడిపిల్లల్ని చెరి రెండు పట్టుకోని పరిగెత్తేసినారు.

రెండు పిల్లల్ని మాకు ఇచ్చేసె ఆమె. అవి ఇంత లావు అయినాయి. పెరటాసి పోయి ఇంకో పెరటాసి వచ్చినా వాటిని కొయ్యనియ్యలే నేను. మీ తాత వాటిని చూసి చూసి నిట్టూర్చేవాడు. అమ్మవారి సుండలు తిన్న కోళ్ళు, కొస్తే కళ్ళు పోతాయి అని భయపెట్టినాను. అమ్మవారు తిన్నాదని నేను అన్నది అబద్ధం కాదు మే, ఇప్పటికీ చెప్తాను. కోడిని చూపించమని అడిగితిని, చూపించింది. తిండి పెట్టి మరీ చూపించింది. దారి కొంచెం చుట్టు తిరిగింది, అంతే గదా.

మేం వచ్చేసేటప్పుడు స్టేషన్లో ఆమె కొంగులో... వాళ్ళది కొంగు కాదు, కాంగా అని గుడ్డ, దాంట్లో మొగం దాచుకోని నిలబడె. సరి, అది ఇప్పుడెందుకులే. తిరిగొచ్చిన ఏడే ఈ బొమ్మ చేయించినాను. మన చుట్టాలు కొందరు అమ్మవారి పక్కన కోడేంది అసయ్యంగా అన్నారు. అననీ. అమ్మవారు ఏమీ అనలేదు గదా.

ఏమైంది, ముక్కు కొస పోయిందా? ఎప్పుడో పోయిందిలే, పోయినేడు మూట కట్టేటప్పుడు. ఆ పక్కను గోడ దిక్కు తిప్పు, ఆమెకు కనపడకూడదు. ఎవరికా? ఈ దినం కొలువు పెడతామని నీమాకు తెలుసు గదా. ప్రతి ఏడూ సరిగ్గా ఈ పొద్దుకు ఫోన్లో మొగం చూపిస్తాది, వాళ్ళమ్మను పక్కన కూర్చోబెట్టుకోని. ఆ మనిషికి ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు. నన్ను బాగుండావా అని అడగదు, మొదట నా కోడి యాడ అంటాది. పైమెట్టులో ఉంటేనే చూసి సంతోషపడతాది. కింద పెట్టినామంటే ఊరుకోదు.

అదో, మోగుతా ఉండాది. చెప్తిని గదా. నువ్వు పట్టుకో తల్లీ, యాడ నొక్కాలో నాకు ఎప్పుడూ తెలీదు. మీ తాతను లేపు. చల్లగుండు ప్రియా, ఎవరింటి ముందర నిలబడి నువ్వు పిలిచినా లోపల్నించి మాట రావాల నీకు. కొంచెం వెనక్కి పట్టు, కోడి పడాల దాంట్లో. వినపడతా ఉండాదా, హోడీ అంటా ఉండాది. ముసిలిదైనా ఆ గొంతు చూడు. ఉండు, మూడోసారి దాకా ఎందుకు, నేను ఇప్పుడే చెప్పేస్తాను. కరీబూ మామా నీమా, కరీబూ, కరీబూ...